పదకొండు సాక్లెట్ సున్నుండలు

ఇందులో ప్రతి మాటా నిజం. ఒట్టు. దేని మీద ఒట్టని అడుగుతారు కాబట్టి ముందే చెప్తాను. మా గుంట తల మీద, అంటే మా అమ్మాయి తల మీద, వెయ్యను. తనకి ఆరేళ్ళప్పుడే ఆ పని నాచేత మాన్పించింది. "నాన్నా, నా తల మీద నువ్వేసిన ఒట్లన్నీ తగిలుంటే నేనీపాటికి ఎన్నిసార్లు సచ్చిపోవాలో లెక్కెట్టుకున్నావా" అంది. దేవుడి మీదా వెయ్యను. నా ఒట్లు వినడం ఆయన మానేసి చాన్నాళ్ళయింది. నా పనిసంచిలో ఇరవై రెండేళ్ళుగా ఉన్న కటింగ్ ప్లయరు మీద చెయ్యి పెట్టి చెప్తన్నాను. దాని మీద ఇంతవరకూ ఒక్క దొంగ ఒట్టు కూడా వెయ్యలేదు. వెయ్యమని ఎవరూ అడగలేదు మరి.

నేను చోడవరంలో ఫ్రిజ్జులు బాగుచేస్తాను. ఊళ్ళో నాకు రెండు పేర్లున్నాయి. చేత్తో పట్టుకుంటే ఎంత ముసలి ఫ్రిజ్జయినా మళ్ళీ చల్లబడుతుందని ఒకటి. నోరు తెరిస్తే కోతలే అని రెండోది. రెండూ నిజమే. మా పంచదార ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ జరిగే రోజుల్లో గాల్లో తీపి ఎంత చిక్కగా ఉండేదంటే దండెం మీద ఆరేసిన నా లుంగీకి చీమలు పట్టేవని చెప్పింది నేనే. దేవరాపల్లి వైపు ఒక ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీస్తే కూరగాయల ట్రేలో నాగుపాము చలికి మత్తెక్కి పడుకుని ఉందని, దాన్ని లేపకుండా పక్కనుంచే థర్మోస్టాట్ మార్చి తలుపేసి వచ్చేశానని చెప్పిందీ నేనే. మరి ఆ ఇంటోళ్ళు కూరగాయలు తీసుకోరా అని ఎవరో అడిగేరు. వాళ్ళు రోజూ మాంసం తినేవాళ్ళు, ఆ ట్రే జోలికి పోరన్నాను.

మా ఆవిడ నన్ను ఎప్పుడూ అబద్ధాలకోరని అనలేదు. పదిమంది ముందు నా మాట తీసెయ్యలేదు. వాళ్ళు వెళ్ళేక మాత్రం బియ్యం ఏరుకుంటూ మెల్లగా అడిగేది.

"ఏటండీ, ఆ పాము మొన్న మూడడుగులన్నారు. ఈయాల ఐదడుగులైంది. సలికి పెరిగిందా ఏటి?"

మా గుంటది ఇంకో పద్ధతి. నేను ఏం చెప్పినా ఒకే మాట: "నిజమేనా?" పాము కతకే కాదు, అన్నం తిన్నానన్నా అంతే. బస్సెక్కేనని ఫోన్ చేస్తే, "నిజమేనా? ఏదీ, కండక్టరుకియ్యి" అనేది. తనకి మాటలొచ్చిన దగ్గర్నుంచి నేను ఆ ప్రశ్న లేని ఒక్క రోజు బతకలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా ఎదురింట్లో ఒక నర్సమ్మ ఉంది. నన్ను అన్నయ్యా అంటుంది. ప్రతి క్రిస్మస్‌కీ ఒక పెద్ద స్టీలు పళ్ళెంలో కేకు ముక్కలూ నూనెలో వేయించిన గులాబీ పువ్వులూ పెట్టి, మీద గుడ్డ కప్పి పంపుతుంది. వచ్చిన పళ్ళెం ఖాళీగా తిరిగెళ్ళకూడదు కదా. మా ఆవిడ దాంట్లో సున్నుండలు పెట్టి పంపేది. మినుములు వేయించి, ఇంట్లోనే విసిరి, చోడవరం బెల్లం దంచి కలిపేది. ఆవిడ సున్నుండకో గుర్తుంది. పిండి పిడికిట్లో పట్టి గట్టిగా నొక్కుతుంది కాబట్టి వేళ్ళ అచ్చులు పడతాయి. అందరి ఉండల మీదా నాలుగు వేళ్ళ గుంటలుంటే, ఆవిడ ఉండ మీద మూడే ఉండేవి. చిన్నప్పుడు తలుపుసందులో పడి ఆవిడ కుడిచేతి చిటికెన వేలు ముడుచుకోకుండా అయిపోయింది. పని చేసేటప్పుడు అదొక్కటీ ఎప్పుడూ ఎడంగా, నిలబడే ఉండేది. పెద్దింటావిడ టీ తాగుతున్నట్టుందని నేను ఏడిపించేవాణ్ణి.

మా గుంట ఇంటర్లో ఉండగా ఒక డిసెంబర్లో ఆ పళ్ళెం ముందు కూర్చుని, "అమ్మా, ఏటా సున్నుండలేనా? ఆంటీ వాళ్ళు మన పళ్ళెం రాకముందే అందులో ఏముందో సెప్పేస్తన్నారు" అని ఫోన్లో వీడియో పెట్టి చూపించింది. చాక్లెట్ బిస్కెట్లు పొడి చేసి, ఏదో కలిపి, గోళీల్లా చుట్టి, కరిగించిన చాక్లెట్లో ముంచుతున్నారు. వాటిని ట్రఫుల్స్ అంటారట. మా ఆవిడ రెండుసార్లు ఆ మాట పలికి చూసి వదిలేసింది. "సాక్లెట్ సున్నుండలే కదా. దీనికింత పేరెందుకు" అంది.

దాంట్లోకి క్రీమ్ చీజ్ కావాలంది వీడియో. నేను చోడవరం బజారంతా తిరిగేను. ఒక కొట్లో పన్నీరు ఇచ్చేరు. ఇంకో కొట్టాయన క్రీమనే మాట ఒక్కటే విని షేవింగ్ క్రీము తీసి బల్ల మీద పెట్టేడు. నవ్వకండి, ప్లయరు మీద చెయ్యి ఇంకా తియ్యలేదు. ఉత్త చేతుల్తో ఇంటికొస్తే మా ఆవిడ, "తెల్లగా, మెత్తగా, పాలతో సేసిందేనా? అయితే కోవా ఎయ్యొచ్చు" అని గేదె పాలు పొయ్యి మీద పెట్టి కోవా దించింది. బాగా ఎర్రగా వచ్చేదాకా తిప్పింది. బిస్కెట్లు రోట్లో దంచింది. మిక్సీ ఉందే అని గుంట అంటే, మిక్సీలో వేస్తే బిస్కెట్ మధ్యనున్న క్రీము బ్లేడుకే అంటుకుంటుందని, రోట్లో అయితే పొత్రానికంటింది గీసుకోవచ్చని చెప్పింది.

తరవాత తప్పు చేసింది. ఉండ చుట్టాలంటే చేతికి నెయ్యి రాసుకోవాలి, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అలాగే చేసింది, కాబట్టి రాసుకుంది. గుండ్రంగా దొర్లించమని వీడియో మొత్తుకుంటున్నా పిడికిట్లో పట్టి నొక్కింది. ఆ నెయ్యి ఉండల్ని కరిగిన చాక్లెట్లో ముంచితే చాక్లెట్ పట్టుకోలేదు. స్నానం చేసొచ్చిన గేదె మీంచి నీళ్ళు జారినట్టు జారిపోయింది. మూడు ఉండలు ముంచి, మూడూ బోడిగా బయటికొస్తే గుంట నవ్వాపుకోలేక వంటింటి గుమ్మంలో కూలబడింది.

"నవ్వితే నవ్వేవు గానీ ఆ అరిటాకు ఇటియ్యి" అంది మా ఆవిడ. చాక్లెట్ కొంచెం చల్లారనిచ్చి, వేళ్ళతో తీసి, ఒక్కో ఉండకీ అద్ది, నొక్కి, ఆకు మీద పెట్టింది. గోడకి పిడకలు కొట్టినట్టే. గట్టిపడ్డాక చూస్తే ప్రతి దాని మీదా ఆవిడ వేళ్ళు ఉన్నాయి. ఇటు బొటనవేలు, అటు మూడు వేళ్ళు. చిటికెన వేలు లేదు.

ఎదురింటికి వెళ్ళిన పళ్ళెం పావుగంటలో తిరిగొచ్చింది. ఇంకో నాలుగు పెట్టమన్నారని. ఇక ప్రతి డిసెంబరుకీ అవే. నెయ్యి మానెయ్యమని గుంట ఎన్నిసార్లు చెప్పినా మా ఆవిడ మానలేదు. నెయ్యి రాసుకోకుండా ఉండ చేస్తే అది మట్టి ముద్దేనంది.

అలా నాలుగు డిసెంబర్లు. నాలుగోది అయ్యేక, ఫిబ్రవరిలో ఒక పొద్దున్న పెరట్లో బట్టలు ఆరేస్తా ఆరేస్తా మా ఆవిడ కూర్చుండిపోయింది. "ఏటో కాళ్ళు తేలిపోతన్నాయండీ" అంది. చేతిలో నా చొక్కా ఉంది. ఎదురింటి నర్సమ్మ పరిగెత్తుకొచ్చి చెయ్యగలిగినంతా చేసింది. ఆటో అనకాపల్లి చేరకముందే అయిపోయింది. నేను దీన్ని ఇంతకంటే పొడుగ్గా చెప్పలేను. ఏ కతనైనా గంట సాగదీసే వాణ్ణి నేను. ఇది మాత్రం రెండు మాటల్లో అయిపోతుంది.

పదకొండో రోజు వెళ్ళేక మా గుంట ఇల్లు సర్దింది. అప్పటికి తను విశాఖలో నర్సింగ్ చదువుతోంది, హాస్టల్. ఎదురింటావిణ్ణి చూసే ఆ చదువు ఎంచుకుంది. ఫ్రీజర్ తీసి మంచు గీకుతుంటే అడుగున పచ్చిబఠానీల కవరు కనిపించింది. అందులో బఠానీలు లేవు. మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉంది. డబ్బాలో సాక్లెట్ సున్నుండలు పదకొండు. గుంట మళ్ళీ హాస్టలుకి వెళ్ళేటప్పుడు ఇద్దామని నా కంట పడకుండా మా ఆవిడ దాచింది. బఠానీలంటే నాకు పడవని ఆవిడకి తెలుసు. ఇద్దామనుకున్న సెలవకి గుంట రానేలేదు, పరీక్షలని ఉండిపోయింది.

గుంట ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుంది. ఒకటి తీసి చూసి, ఆ గుంటల్లో తన వేళ్ళు పెట్టింది. సరిపోయాయి. తల్లి చేతులే దానివి. చిటికెన వేలు మాత్రం పెట్టడానికి చోటు లేక అలా గాల్లో ఉండిపోయింది.

"నాన్నా, వీటినెవరూ ముట్టుకోకూడదు."

"ముట్టుకోను."

"నిజమేనా?"

"ప్లయరు మీద ఒట్టు." ఆ ఒట్టు అప్పుడు పుట్టింది. ముందే చెప్పి ఉండాల్సింది.

"క్రిస్మస్ సెలవలకి వచ్చినప్పుడు ఒకటి తింటాను. మళ్ళీ ఏడాదికి ఇంకోటి. పదకొండేళ్ళు."

"అప్పటికి నీకు ముప్ఫై వస్తాయే."

"రానీ. అన్నాళ్ళుంటాయా?"

ఉంటాయో ఉండవో నాకు తెలుసు. ఫ్రిజ్జుల వాణ్ణి. కానీ అనకాపల్లిలో ఒక షావుకారి ఇంట్లో తాత దాచిన మామిడిపండు మనవడి పెళ్ళినాటికి కూడా వాసనేస్తోందని, నేనే ఆ ఫ్రిజ్జుకి గ్యాసెక్కించేనని చెప్పేను. గుంట ఏడుస్తూనే నవ్వింది.

"కరెంటు పోతే?"

"ఐదారు గంటలు తలుపు తియ్యకపోతే ఏటీ అవదు."

"ఫ్రిజ్ పాడైతే?"

నేనేమీ అనకముందే తనే తల ఊపుకుంది. "నువ్వుండగా మన ఫ్రిజ్ ఎందుకు పాడవుతాదిలే" అంది. డబ్బా మళ్ళీ కవర్లో చుట్టి లోపల పెట్టింది. ఆ తరవాత నేను పై తలుపు తియ్యడమే మానేశాను.

మే నెల వచ్చింది. ఎండలు రోడ్డు మీద తారు మెత్తబడే ఎండలు. గుంటకి ఆస్పత్రిలో డ్యూటీలు, వేసవి సెలవలు లేవు. ఒక శనివారం మధ్యాహ్నం, మెయిన్ రోడ్డు మీద చిన్న భోజనం హోటలు నడిపే ముసలావిడ కబురు పెట్టింది. నేను పిన్నీ అంటాను. ఆవిడ ఫ్రిజ్ ఆగిపోయింది. చూస్తే కంప్రెసర్ పక్కనుండే రిలే కాలిపోయింది. అగ్గిపెట్టంత ఉంటుంది ఆ సామాను. అది లేకపోతే కంప్రెసర్ స్టార్టవదు.

ఇక్కడ నేను, ఆ ఫ్రిజ్జులో ఎవరిదో ఇన్సులిన్ ఉందని రాద్దామనుకున్నాను. ఒక ప్రాణం నిలబెట్టడానికి చేశానంటే మీరూ నన్ను కాస్త క్షమిస్తారు. ఇన్సులిన్ కాదు. చేపలు. రైవాడ నుంచొచ్చిన చేపలు, ఆదివారం పులుసుకి. "పాడైపోతే రేపు నాకు యాపారం లేదు బాబూ" అంది. నా కొట్లో దానికి సరిపడే రిలే లేదు. మా ఇంట్లోదీ అదే రకం ఫ్రిజ్. ఇంటికెళ్ళి వెనక నుంచి నా రిలే ఊడదీసుకొచ్చి ఆవిడ దానికి బిగించేను. వెంటనే అనకాపల్లి వెళ్ళి కొత్తది తెచ్చుకుంటే సాయంత్రానికి నాదీ ఆడుతుంది. ఈ రంగంలో అందరం చేసే పనే ఇది. మా ఇళ్ళల్లో ఏ సామానూ ఒళ్ళంతా ఒక్క చోట ఉండదు.

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో అనకాపల్లి బస్సు ఆగే ఉంది. బెంచీ మీద నలుగురు తెలిసినవాళ్ళు.

"రావయ్యా, ఈళ్ళు బుచ్చయ్యపేట నుంచొచ్చేరు. నీ పాము కత ఇనలేదంట."

"బస్సుందిరా."

"బస్సు మళ్ళీ వస్తది. పాము వస్తదేటి?"

మా ఆవిడ పోయేక నేను ఆ కత ఎవరికీ చెప్పలేదు. మూడు నెలలు. పాము పొడుగు కొలిచి అడిగేవాళ్ళు లేకపోతే దాన్ని చెప్పాలనిపించలేదు. ఆ రోజు బుచ్చయ్యపేట ఆయన ముందుకు వంగి కూర్చున్నాడు. మొదలెట్టేను. బస్సు వెళ్ళిపోయింది. సగంలో ఉండగా నాకే తెలీని కొత్త మలుపు నోట్లోకొచ్చింది. ఫ్రిజ్జులో ఉన్నది ఆడపాము, దాన్ని వెతుక్కుంటూ మగది ఇంటి చుట్టూ తిరుగుతోంది, ఇనప తలుపు తెరవడం దానికి చేతకాదు.  విన్నవాళ్ళు నవ్వలేదు. ఇంకో బస్సూ వెళ్ళిపోయింది. అనకాపల్లి కొట్టాయనకి ఫోన్ చేస్తే, పెళ్ళికి వెళ్తన్నాను, ఆదివారం సెలవు, సోమవారం రా అన్నాడు.

అప్పుడైనా నేను చెయ్యాల్సింది చిన్న పని. ఇంటికెళ్ళి ఆ డబ్బా తీసి ఎదురింటి ఫ్రిజ్జులో పెట్టాలి. రోడ్డు దాటితే చాలు. నేను ఇంటికొస్తూ దారంతా ఆ మగపాము గురించి ఆలోచించేను. అది ఏం చేస్తుంది, గుమ్మం ముందు ఎన్నాళ్ళు కూర్చుంటుంది. ఆ రాత్రీ అదే ఆలోచన, మర్నాడూ అదే. మా ఆవిడ పోయిన తరవాత నా బుర్రలో ఏదైనా పుట్టడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో పడి మిగతాదంతా మర్చిపోయేను. ఆదివారం పచ్చిమిరపకాయలకి కింది తలుపు తీస్తే బల్బు వెలిగింది. తలుపేసేను. బల్బు వెలిగింది కదా, ఫ్రిజ్ పనిచేస్తంది కదా అనేవాళ్ళని చూసి ఇరవై రెండేళ్ళుగా నవ్వుతున్నాను. బల్బుకీ కంప్రెసర్‌కీ సంబంధం లేదమ్మా అని ఎన్ని ఇళ్ళల్లో చెప్పి ఉంటానో.

సోమవారం పొద్దున్న హోటలు పిన్ని గిన్నెలో చేపల పులుసు పట్టుకుని కొట్టుకొచ్చింది. "నీ సామాను బంగారంలా ఆడతంది బాబూ. ఇది నీకే తీసి ఉంచేను" అంది. నా సామాను అన్న మాట చెవిన పడింది.  చెప్పులేసుకోకుండా ఇంటికి పరిగెత్తేను.

ఫ్రీజర్లో మంచు లేదు. అడుగున గోరువెచ్చటి నీళ్ళున్నాయి. కవరు తీసి డబ్బా మూత తెరిచేను. పదకొండు లేవు. ఒకటుంది. డబ్బా ఆకారంలో, పలకలా, మీద నెయ్యి తేలి మెరుస్తున్న ముద్ద. ఒక మూల మాత్రం ఒక ఉండ భుజం కొంచెం పైకి ఉంది, దాని మీద బొటనవేలి గుంటలో సగం. నేను చూస్తుండగానే అదీ మెత్తగా పక్కకి వాలింది.

వాసన చూసేను. పులవలేదు. ఆవిడ కోవా అంత ఎర్రగా దింపేది. వేలి చివర అంటింది నాకేను. అదే రుచి. ఆవిడ దంచిన బిస్కెట్, ఆవిడ దింపిన కోవా, గుంట వద్దన్నా ఆవిడ రాసుకున్న నెయ్యి, అన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్క చెంచా కూడా తగ్గలేదు. వేళ్ళు పోయాయి, అంతే. 

తరవాత నాకొచ్చిన పని నేను చేసేను. నాకు రెండే పనులొచ్చు, పాడైంది బాగుచెయ్యడం, లేనిది ఉన్నట్టు చెప్పడం. డబ్బా ఎదురింటికి పట్టుకెళ్ళేను. నర్సమ్మ మూత తీసి చూసింది. తన ఫ్రీజర్లో పెట్టింది. ముద్ద గట్టిపడేక ఇంటికి తెచ్చి చెంచాతో పదకొండు భాగాలు చేసేను. చేతికి నెయ్యి రాసుకున్నాను. కుడి చిటికెన వేలు ముడుచుకోకుండా దానికి పెన్సిలు ముక్క ఆనించి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టేను. మూడు వేళ్ళూ బొటనవేలూ పెట్టి నొక్కేను. గ్యాసు వెల్డింగుకి కాలి మొద్దుబారిన వేళ్ళు నావి. గుంటలు లోతుగా, వెడల్పుగా పడ్డాయి. మళ్ళీ చల్లబెట్టి, మళ్ళీ నొక్కేను, ఈసారి మెల్లగా, కొసలతో. సాయంత్రానికి పది కుదిరేయి. డబ్బాకంటింది గీకి గీకి పదకొండోది చేస్తే అది గోళీకాయంతే వచ్చింది. దాన్ని అడుగున పెట్టేను. అన్నిటికంటే ఆఖర్న తింటుంది, అప్పటికి నేనెక్కడుంటానో అనుకున్నాను.

డబ్బా మళ్ళీ తన ఫ్రీజర్లో పెడదామని వచ్చిన నర్సమ్మ నా వేలికున్న టేపు చూసింది. "గుంటకి సెప్పీ అన్నయ్యా" అంది. "ఫోన్లో ఒద్దు. వచ్చినప్పుడు ఎదురుగా కూసోబెట్టి సెప్పు." చెప్తానన్నాను. మర్నాడు అనకాపల్లి నుంచి కొత్త రిలే తెచ్చి బిగించి, డబ్బా మళ్ళీ మా ఫ్రీజర్లో పెట్టేను.

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు మా గుంట సంచీ గుమ్మంలోనే పడేసి తిన్నగా ఫ్రిజ్ దగ్గరికెళ్ళింది. డబ్బా తీసింది, ఒక ఉండ అరచేతిలో పెట్టుకుని కిటికీ వెలుగులోకి పట్టింది. తిప్పి చూసింది. తరవాత నా చెయ్యి లాక్కుని, నా బొటనవేలు ఆ గుంటలో పెట్టింది. అచ్చంగా సరిపోయింది.

"నాన్నా, ఇది నీదే."

అంతా చెప్పేను. చేపలు, రిలే, బస్సు, మగపాము. తను చాలాసేపు ఏడ్చింది. నన్ను అనాల్సినవన్నీ అంది. తల్లి బతికుండగా అననివి కూడా అంది. ఆఖరికి టేపు సంగతి చెప్తే ఏడుస్తున్నదల్లా ఆగి, "పెన్సిలెట్టి కట్టేవా?" అని నా చిటికెన వేలు పట్టుకుని నవ్వింది. మర్నాడు ఇద్దరం బజారుకెళ్ళి బిస్కెట్లు కొన్నాం. నేను రోట్లో దంచేను, తను కోవా దింపింది. నెయ్యి రాసుకోవద్దని నేనన్నాను, రాసుకోకపోతే అది మట్టి ముద్దేనని తనంది. పదకొండు పాతవి, ఇరవై కొత్తవి. ఎదురింటి పళ్ళెం నిండా పెట్టి పంపేం.

ఇక్కడ ప్లయరు మీంచి చెయ్యి తియ్యాలి.

తను నా చెయ్యి లాక్కున్న దగ్గర్నుంచి పళ్ళెం దాకా, అదంతా నేను కల్పించింది. మిగతాదంతా నిజం, టేపుతో సహా. అది మాత్రం జరగలేదు. దాన్ని నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానంటే ఇప్పుడు ఆ నవ్వు నాకు వినిపిస్తుంది కూడా.

జరిగింది ఇది. కిటికీ వెలుగులో ఉండని తిప్పి చూసి, గుంటల్లో తన వేళ్ళు పెట్టుకుంది. కొంచెం వదులుగా ఉండి ఉంటాయి. కళ్ళు మూసుకుంది.

"కరెంటు పోలేదు కదా నాన్నా?"

"పోలేదు."

"ఫ్రిజ్ ఆగలేదు కదా?"

"ఆగలేదు."

నేను ఆ ప్రశ్న కోసం చూసేను. నిజమేనా అంటే చెప్పేద్దామని నోట్లో మాట సిద్ధంగా పెట్టుకున్నాను. పుట్టిన దగ్గర్నుంచి నా ఒక్క మాటా నమ్మని గుంట, అన్నం తిన్నానన్నా నమ్మని గుంట, తల ఊపి ఉండ నోట్లో పెట్టుకుంది. మెల్లగా తిన్నది. "అమ్మ సెయ్యే" అంది. మిగతా పదీ కవర్లో చుట్టి లోపల పెట్టింది. ఎదురింటి పళ్ళెంలో ఆ ఏడాది నేను అరటిపళ్ళు పెట్టి పంపేను. నర్సమ్మ పళ్ళెం అందుకుంటూ నా మొహం చూసింది, అంతే.

మళ్ళీ డిసెంబరొచ్చింది. ఇంకో రెండు వారాల్లో గుంట వస్తుంది. ఫ్రిజ్ బాగా ఆడుతోంది. రోజుకి నాలుగుసార్లు పై తలుపు మీద చెయ్యి పెట్టి చూస్తన్నాను. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడం నావల్ల కాదని పోయినేడాదే తేలింది. నేను చెప్తే అది కతవుతుంది. అందుకే కాగితం మీద పెట్టేను.

అందులో పదున్నాయమ్మా. అమ్మ చేసినవే. పైన వేళ్ళు మాత్రం నావి.